ఏడు లివర్లూ ఒక ముగ్గూ

నేను ఒక తాళం కప్పను. ఇత్తడి ఒళ్లు, ఉక్కు కొక్కెం, వీపు మీద 'ఏడు లివర్లు' అని చెక్కిన అక్షరాలు. నిజానికి లోపల ఉన్న మీటలు ఐదే. ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు కాబట్టి నేనూ చెప్పలేదు. చెక్కిన అక్షరమంటే మనుషులకి అంత గురి.

నేను పుట్టింది ఉత్తరాదిన ఒక రేకుల షెడ్డులో. నన్ను బిగించిన ముసలాయన పరీక్ష పేరుతో నన్ను మూసి, చెవి వెనక దోపుకున్న తీగ తీసి నా కన్నంలో తిప్పాడు. ఠక్కున తెరుచుకున్నాను. ఆయన నన్ను అలాగే అమ్మకానికి పంపే గంపలో పడేశాడు. ఆ సిగ్గు నాకు చాలాకాలం పోలేదు.

మొదట నన్ను కొన్నది నర్సింగు చదివే ఒక అమ్మాయి. హాస్టల్లో ఆమె ట్రంకుపెట్టెకి నేను కాపలా. పెట్టెలో ఉన్నవి సున్నుండలు. తోటి పిల్లలు జడపిన్నుతో నన్ను తెరిచి, రోజుకి రెండు చొప్పున తిని, మళ్లీ భద్రంగా మూసేవాళ్లు. ఆమె ఎలుకల్ని అనుమానించింది గానీ నన్ను ఒక్కనాడూ అనుమానించలేదు. చదువైపోయి ఇంటికి వెళుతూ, తాళంచెవితో సహా నన్ను బస్సులో మరిచిపోయింది.

ఆ బస్సు కండక్టరు గవర్రాజు. తణుకులో కాపురం. ఎవరి వస్తువైనా సరే డిపోలో అప్పగించేవరకు ముద్ద మింగుడుపడని మనిషి. నాకోసం ఎవరూ రాలేదు. ఏడాది చివర అక్కడి వస్తువులు వేలం వేస్తే, నా వీపు మీది అక్షరాలు చదివి మురిసిపోయి ఆయనే పాడుకున్నాడు. అలా వాళ్ల వీధి గుమ్మానికి చేరాను.

గవర్రాజు తాళం వేయడం చూసి తీరాలి. వేశాక మూడుసార్లు లాగుతాడు. వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి ఇంకోసారి లాగుతాడు. ఇరవై ఏళ్లుగా టిక్కెట్టు లేని ప్రయాణికుల్ని వెతికిన కళ్లకి లోకమంతా దొంగల్లాగే కనబడుతుంది కాబోలు. పక్కింటి అచ్చాయమ్మగారితో మాటలు పోవడానికి కూడా ఆ కళ్లే కారణం. ఆవిడ మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుని బస్సెక్కితే, పిల్లకి ఐదేళ్లు నిండాయని ఈయన, నిండలేదని ఆవిడ. చివరికి అర టిక్కెట్టు కొట్టి కూర్చోబెట్టాడు. నలుగురిలో పరువు తీశాడని అచ్చాయమ్మ ఆ రోజునుంచి ఈ గుమ్మం వైపు చూడడం మానేసింది. రెండేళ్లయింది.

గవర్రాజు భార్య మంగతాయారు జాకెట్లు కుడుతుంది, చీరలకి ఫాల్సు వేస్తుంది. ఆ వైశాఖంలో ఆమె బీరువాలో తొమ్మిది మంది పెళ్లికూతుళ్ల పట్టుచీరలున్నాయి. ముహూర్తాలు వారం పది రోజుల్లోనే. అప్పుడే విశాఖ ఆసుపత్రిలో ఆమె అన్నయ్యకి ఆపరేషను అని కబురొచ్చింది. నాలుగు రోజులు ఇల్లు వదలాలి. చీరలు వెనక్కి ఇద్దామంటే కుట్టు సగంలో ఉంది. ఒక్క చీర పోయినా ఇక ఊళ్లో ఎవరూ తన చేతికి గుడ్డముక్క ఇవ్వరని ఆమె బెంగ. ఏడు లివర్లు ఉండగా భయమేమిటని గవర్రాజు ధైర్యం. నాకు మాత్రం లోపలి ఐదూ వణికాయి.

దొంగలకి ఇంట్లో మనుషులున్నట్టు కనిపించాలని గవర్రాజు పెద్ద పథకమే వేశాడు. రేడియో పెట్టి వదిలేశాడు. వరండాలో పాత బూట్లు రెండు జతలు పెట్టాడు. దండెం మీద లుంగీ ఆరేశాడు. ఈలోగా మంగతాయారు పాలవాడికి నాలుగు రోజులు పాలొద్దని చెప్పింది. పూలమ్మికి చెప్పింది. ఇస్త్రీ బండి దగ్గర ఆపరేషను సంగతంతా చెప్పింది. ఇక మైకు పెట్టి చెప్పడమొక్కటే తక్కువని భర్త విసుక్కున్నాడు. తెల్లారగట్ల బస్సుకి బయలుదేరారు. యథాప్రకారం లాగుళ్లన్నీ అయ్యాయి.

తొమ్మిదింటికల్లా కరెంటు పోయి రేడియో నోరు మూసుకుంది. మర్నాడు పొద్దున సైకిలు మీద ప్లాస్టిక్ బిందెలు కట్టుకుని ఒకడు వచ్చాడు. బూట్ల వంక గానీ లుంగీ వంక గానీ చూడలేదు. గుమ్మం ముందు నేల చూశాడు. వీధి పొడుగునా ప్రతి గుమ్మంలోనూ తడి ఆరని ముగ్గులు. మా గుమ్మంలో మాత్రం మొన్నటి ముగ్గు చెప్పుల కింద నలిగి, దుమ్ము కొట్టుకుని ఉంది. అంత జాగ్రత్తపరుడైన గవర్రాజుకి అది తట్టలేదు. తన ఇంటి ముగ్గును ఏనాడైనా చూస్తే కదా. బిందెలవాడు మెట్టెక్కి నన్ను అరచేతిలో పెట్టుకుని బరువు చూశాడు. బొటనవేలితో నా కన్నం తడిమాడు. నా పని అయిపోయిందనుకున్నాను.

"ఎవరు కావాలయ్యా?" అంది అచ్చాయమ్మ తన వరండాలోంచి.

వాడు చెయ్యి తీశాడు. "బిందెలమ్మా. ఈ ఇంట్లో ఎవరూ లేరా?"

రెండేళ్ల కోపం ఆవిడ మొహంలో నాకు స్పష్టంగా కనిపించింది.

"ఎందుకు లేరూ? కండక్టరుగారు డ్యూటీ దిగొచ్చి పడుకున్నారు. తలుపు కొడతారని పెళ్లాం బయట తాళం పెట్టి బజారుకెళ్లింది. నిద్ర లేపితే మా చెడ్డ కోపం ఆయనకి."

వాడు నేలవైపు మరోసారి చూసి, నమ్మీ నమ్మనట్టు సైకిలెక్కాడు. మళ్లీ వస్తాడని నాకూ తెలుసు, ఆవిడకీ తెలుసు. వాడి చూపు ఎక్కడ ఆగిందో ఆవిడ గమనించింది.

కాసేపటికి చీపురు, బకెట్టు, ముగ్గుడబ్బా పట్టుకుని అచ్చాయమ్మ మా గుమ్మంలోకొచ్చింది. ఊడ్చింది, కళ్లాపి చల్లింది, మోకాళ్లు పట్టేస్తున్నా వంగి చుక్కలు పెట్టింది. పెడుతున్నంతసేపూ గవర్రాజుని తిడుతూనే ఉంది. తరువాతి రెండు రోజులూ తన గుమ్మం కంటే ముందు మా గుమ్మమే ఊడ్చింది. బిందెలవాడు మర్నాడు వచ్చి, తడి ముగ్గు చూసి, సైకిలు దిగకుండానే పోయాడు. ఆ మధ్యాహ్నమే వెనక వీధిలో తాళం పెట్టిన ఒక ఇంట్లో దొంగలు పడ్డారు. ఆ తాళం నాకంటే రెండింతలు ఉంటుందని చెప్పుకున్నారు.

నాలుగో రోజు సాయంత్రం వాళ్లు తిరిగొచ్చారు. వెనక వీధి కబురు దారిలోనే విని మంగతాయారు పరుగున వచ్చింది. బీరువా తెరిచి తొమ్మిది చీరలూ లెక్కపెట్టి నేలమీద కూలబడి ఏడ్చేసింది. గవర్రాజు నన్ను నిమిరి, ఏడు లివర్ల మహిమ చూశావా అన్నాడు. ఆమె కళ్లు తుడుచుకుని గుమ్మంలోకొచ్చి ముగ్గు చూసింది. ఆ వీధి ఆడవాళ్లకి ఏ మెలిక ఎవరి చేతిదో చెప్పనక్కర్లేదు. తిన్నగా పక్కింటికి నడిచింది.

"పిన్నిగారూ, మా పరువు నిలబెట్టారు," అంది.

"మీ ఆయన మొహం చూసి కాదులే," అంది అచ్చాయమ్మ. "పెళ్లికూతుళ్లేం పాపం చేశారు. రా, కాఫీ తాగుదువుగాని."

గవర్రాజుకి సంగతంతా అర్థమవడానికి ఆ రాత్రంతా పట్టింది. పొద్దున్నే లేచి నన్ను చాలాసేపు చూశాడు, లాగలేదు.

ఆషాఢంలో అచ్చాయమ్మ కూతురింటికి వెళ్లాల్సివచ్చింది. ఆవిడ తాళం తుప్పుపట్టి మొరాయిస్తే మంగతాయారు నన్ను తీసుకెళ్లి ఆవిడ తలుపుకి వేసింది. మర్నాడు అక్కడ ముగ్గు వేయాల్సిన మంగతాయారుకి జ్వరం. తెల్లవారుతుండగా నేనున్న గుమ్మం ఎదుట చీపురు చప్పుడు వినబడింది. చూస్తే గవర్రాజు. డ్యూటీకి వెళ్లే ఖాకీ చొక్కాలో, లుంగీ ఎగ్గట్టి, నీళ్లు చల్లి, గొంతుక్కూర్చుని చుక్కలు పెడుతున్నాడు. పాలవాడు ఆగి నవ్వాడు. పూలమ్మి నోట కొంగు కుక్కుకుంది. ఆయన తల ఎత్తలేదు. చుక్కలు బారు తప్పాయి, గీత దారి తెలియక మూడుచోట్ల తెగింది. దాన్ని ముగ్గని ఏ దొంగ ఒప్పుకుంటాడో నాకు తెలియదు గానీ, ఆ ఇంటికి మనుషులున్నారని మాత్రం గుడ్డివాడైనా చెబుతాడు.