కింది తూము నీళ్లు

వాగు ఒక్కరోజులో ఎండిపోలేదు. గని సొరంగాలు కొండ అడుక్కి చేరిన కొద్దీ, ఎవరో కింద చిల్లు పెట్టినట్టు ఏటికేడు సన్నబడింది. ఆ వాగు నీళ్లతో సిమెంటు తొట్లలో చేపపిల్లల్ని పెంచి అమ్ముకునే ఆవిడను అందరూ చేపలక్క అనేవారు. మనిషి పొట్టి, గొంతు పెద్దది. గనివాళ్లు పెట్టిన సభలో ఆ గొంతే గెలిచింది. కొండ మీద చెరువు తవ్వాలి, వానాకాలం నీళ్లు పట్టి ఉంచాలి, ఎండాకాలంలో వాగుకు ఎంత తగ్గితే అంత వదలాలి అని ఒప్పందం రాయించింది. తూము తిప్పే పని తన తమ్ముడికే ఇవ్వాలని పట్టుబట్టింది.

"మనవాడే తూము దగ్గరుంటే మనకిక భయమేంటి?" అంది బయటికొస్తూ.

తమ్ముడికి ముప్పై అయిదేళ్లు. తల్లి పోయాక అక్కే పెంచింది. నలుగురిలో నోరు విప్పని మనిషి. "కొందరి నోట్లో నువ్వుగింజ నానదు. వీడి నోట్లో పనసకాయైనా నానిపోతుంది" అని అక్క నవ్వేది.

రెండు ఎండాకాలాలు బాగానే గడిచాయి. చెరువుకు పైనొకటి, అడుగునొకటి రెండు తూములు. పై తూము తెరిస్తే చెరువు మీది నీళ్లు, ఎండా గాలీ తగిలినవి, తేటగా దిగేవి. మూడో ఏడు వానలు మొహం చాటేశాయి. దానికి తోడు, లారీల దారిలో దుమ్ము అణచడానికి గనివాళ్లు ఆ చెరువులోంచే రోజూ ట్యాంకర్లు నింపుకున్నారు. నీళ్లు పై తూము కిందికి జారిపోయాయి.

ఒకరోజు పొద్దున పదింటికి గని ఇంజనీరు జీపులో వచ్చాడు.

"వంతెన దగ్గర వాగు నీటి కొలత తగ్గింది. కింది తూము తెరువు."

దాన్ని అంతవరకు ఎవరూ తెరవలేదు. చక్రం బిగుసుకుపోయింది. ఇద్దరూ కలిసి తిప్పితే కిర్రుమని కదిలింది. చెరువు అడుగున మురిగిన నల్లటి నీళ్లు ఒక్కసారిగా దూకాయి. కుళ్లిన గుడ్ల వాసన ముక్కు బద్దలు కొట్టింది.

"సార్, ఈ నీళ్లు బాలేవు."

"కొండ దిగేలోపు గాలి తగిలి అవే బాగవుతాయిలే. కొలత తగ్గితే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ పోతాయి."

జీపు వెళ్లిపోయింది. ఆ నీళ్లు అక్క తొట్లకు చేరడానికి రెండు గంటలు పడుతుంది. తమ్ముడు జేబులోంచి రెండుసార్లు ఫోన్ తీశాడు. చెబితే అక్క ఊరుకోదు, నేరుగా వెళ్లి ఇంజనీరు కాలర్ పట్టుకుంటుంది. అంత చదువుకున్నాయన తెలియకుండా అంటాడా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు. ఫోన్ మళ్లీ జేబులోకి వెళ్లింది.

పన్నెండున్నరకు అదే మోగింది.

"ఒరేయ్, పిల్లలన్నీ పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి. తొందరగా రా!"

ఎవరినీ అడగకుండా తూము మూసేశాడు. సైకిల్ మీద పడుతూ లేస్తూ కొండ దిగాడు. అక్కా బావా బక్కెట్లతో నీళ్లు ముంచి ఎత్తునుంచి పోస్తున్నారు, ఏ కాస్త గాలైనా కలుస్తుందని. తమ్ముడు చొక్కాతోనే తొట్లోకి దిగి రెండు చేతులా నీళ్లు కొట్టాడు. అతని మోకాళ్ల చుట్టూ పిల్లలు తెల్లగా తిరగబడుతున్నాయి. ఎనిమిదేళ్లుగా సాకిన తల్లిచేపలు గట్టుకు తలలు ఆనించి ఆగిపోయాయి. నాలుగింటికి పదకొండు తొట్లలో ఒక్కటే మిగిలింది. నాచు పట్టి దాని గొట్టం పూడుకుపోవడంతో బతికింది.

అక్క దోసిట్లో నీళ్లు పట్టి వాసన చూసింది.

"ఏ తూము తెరిచావు?"

"కిందిది."

"ఎప్పుడు?"

"పదింటికి."

"రెండు గంటలు టైముంది కదరా. ఒక్క మాట చెప్పుంటే తొట్లలోకి నీళ్లు రాకుండా అడ్డుపలక దించేదాన్ని."

అరవలేదు. అరిచినా బాగుండేదనిపించింది అతనికి.

మూడోరోజు అధికారులొచ్చారు. కొలత సరిగ్గానే ఉందన్నారు. ఒప్పందంలో ఎన్ని నీళ్లు వదలాలో ఉంది, ఎలాంటి నీళ్లో లేదు. ఆ రోజు జరిగిన తప్పల్లా చెప్పకుండా తూము మూయడమేనని ఇంజనీరు అన్నాడు. తమ్ముడు లేచి నిలబడ్డాడు.

"నీళ్లు కంపు కొట్టాయని ఈయనకు చెప్పాను. అయినా తెరిచే ఉంచమన్నారు. మా అక్కకు చెప్పకపోవడం మాత్రం నా తప్పే."

చివరి మాట రాసుకున్నారు. సాయంత్రానికి అతని ఉద్యోగం ఊడింది.

అధికారులకు చూపించడానికి ఉంచిన చచ్చిన చేపల్ని బావతో కలిసి గొయ్యి తవ్వి పూడ్చాడు. అక్క అతనితో మాట్లాడటం మానేసింది. గనివాళ్లు కింది తూము తెరవడం మానలేదు. మర్నాటి నుంచి తమ్ముడు కొండ దారిలో వాగు గట్టున కూర్చునేవాడు. నల్లనీళ్లు కనబడగానే ఫోన్ చేసేవాడు. అక్క ఎత్తేది, వినేది, పెట్టేసేది. వెళ్లి పలక దించేది. కానీ పలక దించిన తొట్టికి కొత్తనీళ్లు ఎక్కడివి? నాలుగు వారాలకు అదీ పోయింది.

ఆ రోజు ఫోన్ చేస్తే అక్క మాట్లాడింది.

"ఇంక చెయ్యక్కర్లేదు. ఇంటికొచ్చి అన్నం తిను."

వెళ్లాడు. అక్క వడ్డించింది. పక్కన కూర్చున్న బావ, గనిలో పనికి పేరు రాయించి వచ్చానని, తల ఎత్తకుండా చెప్పాడు.