ఊదా మూత మీద తప్పు వయసు

అక్షరాలు ఆలస్యంగా నేర్చినదాన్ని. ఒత్తులు తప్పితే మన్నించండి. ఈ కాస్త రాయడానికే పదకొండు రోజులు పట్టింది. ఇకపై మాట్లాడేది నేను కాదు, గొట్టం.

నేను ఒక రక్తపరీక్ష గొట్టాన్ని. చిటికెన వేలంత ఉంటాను, నెత్తిన ఊదా మూత. నాలో పడిన రక్తం గడ్డకట్టకూడదని ఎప్పుడూ అటూ ఇటూ ఊపుతారు. కుదురన్నది నా పుట్టుకలోనే లేదు.

పలాసలో ఒక చిన్న ల్యాబుకి చేరాను. ఒక పొద్దున జీడిపిక్కల జిడ్డుతో వేళ్లు నల్లబడ్డ నీలమ్మ వచ్చింది. ఆమె భర్త కాలేయం గట్టిపడి చనిపోయాడు. ఇప్పుడు ఆమె కాలేయానికీ కొవ్వు పట్టిందట. అది గట్టిపడుతోందో లేదో, ముక్క తీయకుండా రక్తంతోనే అంచనా కట్టొచ్చని డాక్టరు పంపాడు.

"పేరు, వయసు చెప్పమ్మా," అంది ల్యాబులో పనిచేసే భానుమతి.

"సెప్పడమెందుకు, రాస్తాను. ఇలగియ్యి."

నా ఒంటి మీది చీటీపై నాలుక కొరుక్కుంటూ రాసింది. 'నలభై ఆరు' అని నోట్లోనే గొణుక్కుంది. చెవిలో చివర మోగిన ఆరే ముందు పడింది. 64. భానుమతి అదే కంప్యూటరులో కొట్టింది. మనుషులు ముఖం చూడరు, చీటీ చూస్తారు.

నాలో ప్లేట్‌లెట్లు లెక్కపెట్టారు. ఆమె రక్తమే పట్టిన పసుపు మూత గొట్టంలో కాలేయపు ఎంజైములు చూశారు. వాటికి వయసు కలిపి లెక్కకడితే ఒక అంకె వస్తుంది.

"కొంచెం ఎక్కువొచ్చింది," అంది పక్క గదిలో డాక్టరు గొంతు. "విశాఖ వెళ్లి స్కాన్ తీయించుకోవాలి."

నీలమ్మ బయటికొచ్చి బల్ల మీద కూర్చుంది. లేచింది. మళ్లీ కూర్చుంది. భర్త కడుపు కుండలా ఉబ్బిన రోజులు కళ్లలో తిరిగాయేమో, నాకంటే ఎక్కువ ఊగింది. ఊగుతూనే రిపోర్టు కాగితం మీద వేలు పెట్టి కూడబలుక్కుంది. పేరు సరే. పక్కన వేలు ఆగిపోయింది.

"ఓలమ్మో! మా అత్తకే అరవై నాలుగు నేవు!"

"నువ్వే రాశావు కదమ్మా," అంది భానుమతి, నన్ను ఎత్తి చూపిస్తూ.

"రాసిందీ నేనే, సదివిందీ నేనే. మార్చు."

రక్తం అదే. మారింది వయసొక్కటే. అంకె ప్రమాదపు గీత కిందికి దిగింది. "ఇప్పటికి భయం లేదు. తిండి చూసుకో, ఏడాదికి మళ్లీ రా," అన్నాడు డాక్టరు. నీలమ్మ అప్పుడు ఏడ్చింది.

నన్ను చెత్త వేసే ఎర్ర సంచిలో పడేశారు. కాగితం దిద్దారు గాని, నా మీది 64ని ఎవరూ దిద్దలేదు.

గొట్టం మాట ఇక్కడితో సరి. ఆ అంకె నేనే దిద్దుతున్నాను:

కొర్ల నీలమ్మ, వయసు 46. నాలుగు ముందు, ఆరు వెనక. కాశీబుగ్గ.