పేరు రాయని రీళ్లు

"ఓ ముక్క కోసి చూడు. పాడైపోయుంటే మొత్తం చెత్తలో వేసేద్దాం," అన్నాడు మా ఆయన. నేనప్పుడు గిన్నెలు తోముతున్నాను. చేతులు తుడుచుకునేలోగా ఫిల్ము రీళ్ల రేకు డబ్బాని పొయ్యి పక్కన పెట్టేసి స్టూడియోలోకి వెళ్లిపోయాడు. ఫిల్ముకి వేడి పడదని ఫొటోగ్రాఫర్‌కి నేను చెప్పాలి.

డబ్బా, పోయినేడు కాలంచేసిన మా మామగారిది. ప్రతి రీలుకీ కాగితం అంటించి పేరు రాసుకునే మనిషి ఆయన. వీటిలో ఒక్కదానికీ పేరు లేదు, ఒక్కటీ కడిగింది కాదు. సాయంత్రానికి మా చీకటిగది ఖాళీ చేసి అందులో జిరాక్సు మిషను పెడతారట. ఈలోగా వీటి సంగతి తేల్చాల్సింది నేను. "కడగడం నీకు అలవాటేగా," అంటాడు మా ఆయన. గిన్నెలూ కడుగుతాను, ఫిల్మూ కడుగుతాను, ఆయన లెక్కలో రెండూ ఒకటే. పెళ్లయిన కొత్తలో "ఊరికే కూర్చునే బదులు కాస్త చెయ్యందించరాదూ" అన్నాడు. అందించిన చెయ్యి ఇప్పటిదాకా వెనక్కి రాలేదు. ఆయన మీట నొక్కి వచ్చేస్తాడు. కడగడం, ప్రింట్లు వెయ్యడం, కంప్యూటర్లో మొహాల మీద మచ్చలు చెరపడం, ఆల్బం అతికించడం నావి. నడుం లాగేస్తోందంటే "కూర్చుని చేసే పనికి అలుపేంటి" అంటాడు. నిజంగా అలిసిపోయాను. చెప్పే ఓపిక కూడా లేనంతగా.

చీకట్లో రీలు మూత ఊడదీశాను. ఏ రకం ఫిల్మో, ఎంతసేపు కడగాలో తెలీదు. అందుకే ముందు జానెడు కోసి చూడాలి. కత్తెర ఏదో ఒక బొమ్మ మీద పడక తప్పదు, మిగతావి దక్కాలంటే అదొకటి పోవాలి. మిగతా రీలు మూసేసి, ముక్కని మందుల్లో ముంచి తీసి, దీపం వేశాను. అంచు మీద కంపెనీ వాళ్లు అచ్చేసిన అక్షరాలు తేలాయి. నలుపు తెలుపు రకమే. ఏళ్ల తరబడి మగ్గి అంతా బూడిదరంగు కమ్మింది గానీ, బొమ్మ ఉంది. ఇంకో రెండు రీళ్లు కోశాను. అన్నిట్లో మామగారే. లైటు స్టాండు మడుస్తూ, వాచీ చూసుకుంటూ, ఇక చాలు పద అన్నట్టు విసుగ్గా కెమెరా వైపు చూస్తూ.

మరి కెమెరా ఎవరి చేతిలో ఉన్నట్టు?

తడి ముక్కలు పట్టుకుని అత్తయ్య దగ్గరికి వెళ్లాను. ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ముక్కని గోళ్లతో అంచుల దగ్గరే పట్టుకుని, బొమ్మ మీద వేలు పడకుండా కిటికీ వెలుగుకి ఎత్తింది. ఇన్నేళ్లలో మా ఆయన ఒక్కసారి కూడా అలా పట్టుకోలేదు.

"పేరు రాసినవి ఆయనవి. రాయనివి నావి," అంది.

"మీరు ఫొటోలు తీసేవారా అత్తయ్యా?"

"ఫొటోలకి పిలిచిన పార్టీవాళ్ల పనయ్యాక, మూల పడేసిన పాత కెమెరాతో. ఆయన రీళ్లు కడిగాక మందు మిగిలితే నావి కడుగుదామనేవారు."

"మిగల్లేదా?"

"ఎక్కడ మిగులుతుందే?"

"నాకు చెప్పొచ్చుగా. కడిగేదాన్నిగా!"

"నీకు తీరికెక్కడిదమ్మా, వాడి పనితోనే సరిపాయె."

ముక్క నా చేతికిచ్చి మళ్లీ బట్టల మీదికి వంగింది. కోపం ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఆవిడ మడతపెడుతున్న చొక్కా లాగి పక్కన పెట్టి, చెయ్యి పట్టుకుని లేపాను. కాదనకుండా లేచింది.

చీకటిగది గుమ్మంలో మా ఆయన ఎదురయ్యాడు. "ఏం తేలింది? పారెయ్యడమేనా? మిషను వచ్చేస్తోంది."

"మిషను హాల్లో పెట్టించండి. ఇవి అత్తయ్యవి. అన్నీ కడగాలి."

"ఇన్నా! మరి నా ఆల్బం పనో? రేపు పార్టీ వస్తారు."

నేను నోరు తెరిచేలోగా అత్తయ్య నాకన్నా ముందు లోపలికి నడిచి, తలుపు మీద చెయ్యేసింది.

"మందు మిగిలితే చూద్దాంలే నాన్నా," అంది.