గుర్రాలకి నీళ్ళు

"గుర్రాలన్నీ బయల్దేరుతున్నాయి, సరే. వాటికి నీళ్ళెక్కడివే?"

ముందుగదిలో బల్ల మీద పరిచిన యుద్ధాన్ని చూస్తూ తల్లి అడిగింది. చేతిలోని టిఫిను డబ్బాకి మూత ఇంకా బిగించలేదు. కూతురు తలెత్తలేదు. బొటనవేలంత సీసపు గుర్రాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని అట్టకోట గుమ్మం ముందు వరసలో నిలబెట్టింది. ముందు కాళ్ళు వంకర, పడిపోకుండా కాస్త సర్దింది.

బల్లకి అవతల కూర్చున్న తల్లి తమ్ముడికి కాఫీ పొలమారింది.

"అక్కా, నీకు పనికి టైమవలేదూ?"

"ఇంత మైదానం పరిచి ఒక్క చెరువు గీయలేదు మీరు. ఆ చివరెక్కడో నీలం కాగితం ముక్క ఉంది. అక్కడిదాకా ఏం తాగుతాయి?"

"సీసం గుర్రాలక్కా. తాగవు, తినవు, లద్దె వెయ్యవు."

"నీ రాక్షసులకి కోపం వస్తుందన్నావు. ఆ కొండచిలువకి రెక్కలున్నాయన్నావు. అవన్నీ ఉండొచ్చు గానీ గుర్రాలకి దాహం ఉండకూడదా?"

తమ్ముడు గ్లాసులోకి చూశాడు. కూతురి చెయ్యి రెండో గుర్రం మీద ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది.

తల్లి చెప్పులేసుకుంటుంటే తమ్ముడు గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించాడు.

"నా కొంప ముంచేశావు కదే అక్కా. నెల రోజులుగా పన్నుకున్న ఉచ్చు."

అతను గ్రంథాలయంలో పాత పుస్తకాలకి అట్టలు కడతాడు. కుట్టు విడిపోయిన ప్రతి యుద్ధచరిత్రా మొదట అతని ఒళ్ళోకి వస్తుంది, మూడు రోజుల్లో పోవలసింది మూడు వారాలుంటుంది. అందులో నిజంగా జరిగిన వ్యూహాలు ఏరుకుని, రాక్షసులకీ రెక్కల పాములకీ తొడిగి మేనకోడలి మీద ప్రయోగిస్తాడు. ఈసారి దొరికింది హత్తీన్ యుద్ధం. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. శత్రువు ఒక కోటని ముట్టడించి ఎర వేశాడు. దాన్ని విడిపించాలని రాజు మంచి ఊటలున్న చోటు వదిలేసి, మండుటెండలో సైన్యాన్ని నడిపించాడు. మర్నాటికి మనుషులకీ గుర్రాలకీ నాలుకలు పిడచకట్టాయి. ఎదురుగా సరస్సు కనిపిస్తూనే ఉంది. శత్రువు చుట్టూ ఎండుగడ్డికి నిప్పు పెట్టాడు.

"అందుకే ఆటలో కొత్త రూలు రాశాను. ఎండు నేల మీద రెండు ఎత్తులు నీళ్ళు లేకుండా నడిస్తే సగం బలం పోతుంది. అది రూలు చదవదని నా ధైర్యం."

"ఆ రాజుకి ఎవరూ చెప్పలేదా, నీళ్ళ సంగతి?"

"చెప్పారు. వెళ్ళొద్దని ఒకాయన గట్టిగానే చెప్పాడట. వినలేదు."

"వినరు," అంది తల్లి, వీధిలోకి దిగుతూ.

ఆసుపత్రిలో ఉతికిన బట్టల గది నేలమాళిగలో ఉంది. పంతొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే కాలి కుట్టుమిషను. ఎడమ పక్క చిరిగిన దుప్పట్ల గుట్ట, కుడి పక్క కుట్టినవి. చిరుగుని వెలుతురుకి ఎత్తి చూస్తుంది, పాత దుప్పటి ముక్క కత్తిరించి అతుకు వేస్తుంది, అంచు చుట్టూ రెండు వరసల కుట్టు. ప్రతి చిరుగు వెనకా ఆమెకొక మనిషి కనిపిస్తాడు. నొప్పికి పట్టుకు లాగినవాడు, మంచం మీంచి జారిపోయినవాడు. పక్క మిషను ఆవిడ నవ్వుతుంది, అది ఎలక కొరికిందమ్మా తల్లీ, అని.

ఇవాళ ఆవిడ నవ్వలేదు. "అమ్మాయి ప్రయాణం ఇవాళేగా? సెలవు పెట్టలేదేం?"

"నేను ఇంట్లో ఉంటే అది ఇంకో గంట ముందే బయల్దేరుతుంది."

కూతురికి సర్వే ఆఫీసులో ఉద్యోగం. ఊళ్ళు లేని రాళ్ళ నేలల్లో గొలుసు పట్టుకుని కొలతలు వెయ్యాలి, గుడారంలో పడుకోవాలి. ఉద్యోగం కాగితం వచ్చిన వారానికి తల్లి ఎవరికీ చెప్పకుండా ఆ ఆఫీసుకి వెళ్ళి, "మా అమ్మాయికి మూర్ఛలొస్తాయి సార్, దయచేసి బయట పనికి పంపకండి" అని చేతులు జోడించింది. ఏ మూర్ఛా లేదు. పుట్టి బుద్ధెరిగి ఆ పిల్ల పడుకున్నది రెండు జ్వరాలకే. రెండు నెలలు పరీక్షల మీద పరీక్షలు చేసి, ఏమీ లేదని తేల్చి, ఎవరు చెప్పారో కూడా ఆఫీసువాళ్ళు చెప్పేశారు. కూతురు ఇంటికొచ్చి చెప్పులు విడిచి, అన్నం పెట్టుకుని తిని పడుకుంది. ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. తల్లితో ఒక్క మాట లేదు.

ఆమె భర్త రోడ్డు పనిలో ఉండేవాడు. ఒక వేసవి రోజున నీళ్ళ ట్యాంకరు చెడిపోయింది. మధ్యాహ్నం దాకా వస్తుంది వస్తుందన్నారు. పారతోనే ముందుకు పడ్డాడు, మళ్ళీ లేవలేదు. నలభై ఒక్క ఏళ్ళు. ఈ ముక్క ఆఫీసరుకి చెప్పి ఉంటే సరిపోయేదేమో. ఆమెకి ఆ నిమిషంలో మూర్ఛే తట్టింది.

మధ్యాహ్నం డబ్బా విప్పలేదు. ఖాళీ దారపు రీలు ఒకటి అడ్డంగా పెట్టి, నాలుగు చొక్కా గుండీలు చక్రాలుగా తగిలించి, మీద మందుసీసా మూత ఒకటి తొట్టిలాగా వెల్లకిలా అతికించింది. ఒక చక్రం తిరగలేదు. ఇల్లు ఎనిమిది నిమిషాల నడక. ఆమె వెళ్ళేసరికి కూతురు బజారుకెళ్ళింది, తమ్ముడు కుర్చీలో నోరు తెరిచి నిద్రపోతున్నాడు. బల్ల మీద చివరి గుర్రం వెనకాల ఆ నీళ్ళబండిని పెట్టి, పిల్లిలా బయటికి వచ్చేసింది.

ఐదు గంటల బస్సు. నాలుగింటికి లేచి బస్టాండుకి పోదామనుకుంది. ఆపరేషన్ గదికి కావలసిన ఇరవై దుప్పట్లు ఒక్కసారిగా వచ్చి పడ్డాయి. సూది రెండుసార్లు విరిగింది. గుట్ట ముగిసేసరికి ఐదుంపావు.

ఇంట్లో ట్రంకుపెట్టె ఉన్నచోట దుమ్ము లేని చదరం మిగిలింది. తమ్ముడు బల్ల దగ్గర గడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

"ఓడిపోయానక్కా. ఆ బండిని సైన్యం మధ్యలో పెట్టుకుని, చుట్టూ కాల్బలాన్ని నడిపించింది. రెండు ఎత్తుల్లో పోవలసిన దారి నాలుగు ఎత్తుల్లో పోయింది. బండికి రూలు లేదన్నాను. నేను రాసిన రూళ్ళ పుస్తకమే తిప్పి నా ముందు పెట్టింది. నీళ్ళు మోసుకెళ్ళకూడదని ఎక్కడా రాయలేదు. గడ్డికి నిప్పు పెట్టాను, ఆ రాక్షసి పొగలోంచే వచ్చి పడింది."

"నా గురించి ఏమన్నా అందా?"

"ఆటలో నోరు విప్పితేగా. తన గుర్రాలని దూదిలో చుట్టుకుని వెళ్ళిపోయింది."

తల్లి కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోను తీసింది. మోగుతున్నంతసేపూ ఆమె కళ్ళముందు బస్సు లోయలో పడింది, లారీకి గుద్దుకుంది. అవతల ఎత్తారు. ఇంజను రొద, ఎవరో పిల్లవాడి ఏడుపు.

"నీళ్ళు పెట్టుకున్నావా?"

రొద. హారను. పిల్లవాడు ఏడుపు మానేశాడు. ఫోను పెట్టేస్తుందనుకుంది, పెట్టలేదు.

"పెట్టుకున్నానమ్మా," అంది కూతురు. "రెండు సీసాలు. అక్కడ కూడా పెట్టాను, చూడు."

తల్లి బల్ల వైపు తిరిగింది. ఖాళీ అయిన మైదానంలో, నీలం కాగితం పక్కన దారపు రీలు బండి ఆగి ఉంది. వంకర కాళ్ళ గుర్రం ఒక్కటి దాని మీదికి తల వంచుకుని ఉంది. మందుసీసా మూత నిండా నిజం నీళ్ళు, అంచు దాకా.