బాణాల మీద చెక్కభజన

"వినాయక చవితి పోతానే రూము ఖాళీ చెయ్ నరసింహులూ. సెల్లు ఫోన్ల అంగడి పెట్టేటోడు అడుగుతాండాడు" అన్నాడు సోమశేఖరన్న. నంద్యాల బస్టాండు దగ్గర కింద ఆయన బట్టలంగడి, పైన నేను అద్దెకు నడిపే గేముల రూము.

అది 2007. ఇండ్లలోకి కంప్యూటర్లు వచ్చినాక కారు గేములకు, క్రికెట్టు గేములకు నా దగ్గరికి వచ్చే పిల్లలు తగ్గినారు. ఇంట్లో లేని ఆట పెట్టాలని హైదరాబాదు పోయి డాన్సు మ్యాట్ తెచ్చినాను. అదొక ప్లాస్టిక్ చాప. దాని మీద నాలుగు దిక్కులకు నాలుగు బాణాలు. పాట మోగుతుంటే తెర మీద కూడా బాణాలు వస్తుంటాయి. తెర మీద ఏది వస్తే కాలితో దాన్నే, సరిగ్గా దెబ్బ మీద తొక్కాలి. తప్పులు ఎక్కువైతే ఆట ఆగిపోతుంది. అందులో ఉన్నవన్నీ జపాను పాటలు. ఒక్కరూ కాలు పెట్టలేదు.

మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. రూము పోతే ఆత్మకూరులో సిమెంటు అంగట్లో చేరాలని మా నాయన ముందే మాట్లాడిపెట్టినాడు. నాయన మాట కాదనే అలవాటు నాకు లేదు. అయినా ఆటలో తప్పు లేదు, పాటలోనే ఉంది అని నాకు గట్టి నమ్మకం. మనవాళ్ళ కాలు కదలాలంటే మన దరువే పడాలి.

"అన్నా, ఈ ఆదివారం ఒక్కసారి వచ్చి చూడు. ఎవరూ ఆడకపోతే నేనే తాళం చెవి తెచ్చిస్తా" అన్నాను.

ఆ పొద్దే ఆళ్ళగడ్డ బస్సెక్కినాను. అక్కడికి దగ్గరే మా పల్లె. చేతుల్లో చెక్కలు మోగిస్తా అడుగులేసే మా చెక్కభజనకు గురువు ఆదెన్న మామ. చిన్నప్పుడు నేనూ ఆయన వెనకాలే చెక్కలు పట్టుకొని ఆడినోణ్ణే. టేప్ రికార్డరు ముందు పెడితే నవ్వినాడు.

"ఏందప్పా, మమ్మల్ని టీవీలో ఏస్తావా?"

"టీవీలో మీరు కనపడరు మామా. మీ దరువు మీద జనం గంతులేస్తారు."

"ఇన్నాళ్ళూ మేము గంతులేసినాం. ఇంగ వాళ్ళ కాళ్ళు నొప్పులు పుట్టనీ."

రికార్డు చేసుకొచ్చిన భజనను కంప్యూటర్లోకి ఎక్కించినాను. దానికి బాణాలు అమర్చడం నేననుకున్నంత సులభం కాలేదు. పాటంతా ఒకే వేగంలో పోతుందని కంప్యూటరు అనుకుంటుంది. మా భజన నిదానంగా మొదలై పోను పోను ఉరుకుతుంది. సగానికి వచ్చేసరికి బాణాలన్నీ వెనకబడినాయి. విసుగొచ్చింది, కానీ వదల్లేదు. వేగం మారిన ప్రతిచోటా ఆపి, మళ్ళీ లెక్క కట్టి బాణాలు పెట్టినాను.

ఆదివారం ఆదెన్న మామ, ఆయన శిష్యుడు బాలు చెక్కలు తీసుకొని వచ్చినారు. సోమశేఖరన్న కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇంటరు చదివే ఆయన కూతురు దివ్యశ్రీ వాకిలి దగ్గర నిలబడింది.

మామను మ్యాట్ మీద నిలబెట్టి ఆట పెట్టినాను. పాటలో మొదటి తాళం మోగింది. మామ వంగి, మ్యాట్‌ను రెండు చేతులా తాకి కళ్ళకద్దుకున్నాడు. ఆయన లేచేలోపల బాణాలు వరసగా తప్పిపోయినాయి. ఆట ఆగిపోయింది.

"మామా, మొక్కేది ముందే మొక్కో" అన్నాను.

"తాళం పడకముందు ఎవురికి మొక్కేదప్పా?"

బాలును నిలబెట్టి, మొక్కొద్దని రెండుసార్లు చెప్పినాను. తల ఊపినాడు. తాళం పడిందో లేదో, వాని నడుము దానంతటదే వంగింది. ఆట మళ్ళీ ఆగింది.

"మీరు మొక్కుతాండండి, నేను పోతా. కింద బేరాలున్నాయి" అని లేచినాడు సోమశేఖరన్న.

"కూర్చో అన్నా. టీ తెప్పిస్తా. నువ్వు తాగేలోపల సరిచేస్తా."

మొదటి తాళం నుంచే బాణాలు పెట్టింది నేను. తాళం పడగానే మొక్కడం చిన్నప్పుడు నేను చేసిందే, అయినా తట్టలేదు. మొదట్లో ఉన్న బాణాలన్నీ తీసేసి, ఉత్త తాళాలు మాత్రం మోగనిచ్చినాను.

ఈసారి మామ మొక్కినాడు, నింపాదిగా లేచినాడు, చెక్కలు మోగించినాడు. అప్పుడొచ్చింది మొదటి బాణం. ఆ తర్వాత ఒక్క అడుగూ తప్పలేదు. పాట ఉరుకు అందుకునేసరికి బట్టలు కొనడానికి వచ్చినోళ్ళు మెట్ల మీద నిండినారు. చేతులు ఊరికే పెట్టుకున్నోడు లేడు, అందరూ దరువుకు చప్పట్లే.

"చూసేటోళ్ళు దుడ్లు ఇయ్యరు గదప్పా" అన్నాడు సోమశేఖరన్న.

"చూసినోడు ఊరికే ఉండలేడన్నా. కాసేపు చూడు."

కాసేపు కూడా పట్టలేదు. "నాయనా, కుర్చీ పక్కకు జరుపు" అని దివ్యశ్రీ చెప్పులు విడిచి మ్యాట్ ఎక్కింది. సగం పాటకే ఆట ఆగిపోయింది. "ఇంగోసారి పెట్టన్నా" అంది. మళ్ళీ ఆగింది. మళ్ళీ పెట్టమంది. మెట్ల మీద నుంచి ఒకడు, "ఓ పాపా, నీ తర్వాత నేను" అని అరిచినాడు. వాని వెనక ఇంకొకడు.

సోమశేఖరన్న మెట్ల మీద నిలబడినోళ్ళను లెక్కబెట్టినాడు. గ్లాసు కింద పెట్టి లేచినాడు.

"సెల్లుల అంగడోనికి మెట్ల కింద చోటిస్తాలే. నువ్వు ఈడనే ఉండు. కానీ కింద పైకప్పు అదురుతాంది. ఆ గంతులు రవ్వంత మెల్లగా ఏయమను."

"మ్యాట్ కింద మందం రబ్బరు ఏస్తా అన్నా" అన్నాను. "గంతులు మాత్రం తగ్గవు."