బాపుకు అర్థమయ్యేలా

లా కోర్సులో మిగతా పేపర్లన్నీ ఎలాగో గట్టెక్కాను. రాజ్యాంగ చట్టం ఒక్కటే నా గొంతు పట్టుకుంది. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. మూడోసారి కూడా పోతే కోర్సు గడువు అయిపోతుంది, అప్పటిదాకా పాసైన పేపర్లన్నీ గంగలో కలిసినట్టే. శేరిగూడలో ఓ ఇంజినీరింగ్ కాలేజీ ఆఫీసులో పనిచేస్తూ, బస్సుల్లో నిలబడి చదువుతూ, ఆదివారం చర్చిలో పాటల పుస్తకం కింద గైడు పెట్టుకుని గడిపిన ఏళ్ళవి. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

నేను నల్లకోటు వేసుకోవాలని నాకంటే మా బాపుకు ఎక్కువ. బాపు పేరు వీరస్వామి. ఇబ్రహీంపట్నం అవతల మా ఊళ్ళో ఆయనకు రెండెకరాల లావణి పట్టా ఉండేది. అప్పట్లో సర్కారు మా తాతకిచ్చిన భూమి. ఇచ్చింది రాళ్ళగుట్ట. రాళ్ళు ఏరి, బోరు వేసి, దాన్ని పొలం చేసింది మా తాతా, బాపూ. తీరా పంట రావడం మొదలయ్యాక, ఫ్యాక్టరీలకు కావాలంటూ అదే సర్కారు వెనక్కి తీసుకుంది. ఊరంతా సంతకాలు పెట్టింది. బాపు పెట్టలేదు. పెట్టకపోతే ఆగుతుందనుకున్నాడు పాపం. ఆయనకు రావాల్సిన పరిహారం కోర్టులో జమచేసి, పొలం చుట్టూ కంచె వేసేశారు.

అప్పుడు బాపు సిటీలో ఓ వకీలును పట్టుకుని కేసు వేశాడు. ఎప్పుడు ఫోన్ చేసినా ఆ వకీలు "నడుస్తుంది పెద్దాయనా" అనేవాడు తప్ప, నడుస్తున్నదేమిటో ఒక్కనాడూ చెప్పలేదు.

"ఆయన మాట నాకు సమజ్ కాదు, నా మాట ఆయనకు సమజ్ కాదు. నువ్వే చదువు స్టెల్లా. మన భూమి నువ్వే తెస్తవ్," అన్నాడు బాపు. అలా నేను లా కాలేజీలో చేరాను. చేరి, రాజ్యాంగం దగ్గర ఆగిపోయాను.

ట్యూషన్ చెప్పేవాళ్ళ కోసం తిరగని చోటు లేదు. లెక్కలకూ, ఫిజిక్సుకూ గల్లీకో ట్యూటర్ దొరికే మా దగ్గర రాజ్యాంగానికి ఒక్కరూ దొరకలేదు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటరుకు ఫోన్ చేసి అడిగితే "గ్రూప్సుకా?" అన్నారు. లా పరీక్షకు అనగానే పెట్టేశారు. మా పాస్టరుగారి కొడుకు సాల్మన్ రాజన్న ఇబ్రహీంపట్నం కోర్టులో జూనియర్ వకీలు. అతన్నడిగితే పగలబడి నవ్వాడు.

"చెల్లే, చెక్ బౌన్సులడుగు చెప్త, గెట్టు పంచాదులడుగు చెప్త. రాజ్యాంగం పరీక్ష రాసిన్నాడే మర్చిపోయిన."

నవ్వినా, పనిచేసిపెట్టింది అతనే. పదిరోజుల తర్వాత ఫోన్ చేశాడు. "తుర్కయాంజాల్ల జోగారావు సార్ అని ఉన్నడట. ఆంధ్రల ముప్పై ఏండ్లు గిదే సబ్జెక్టు చెప్పిండట. ఇప్పుడైతే ఎవ్వలికీ చెప్తలేడట. పోయి అడుగు. కోపం మస్తంట, జర ఓర్చుకో."

ఓర్చుకోవడం నాకు చేతకాదు గానీ, గతిలేక వెళ్ళాను. బాపే టీవీఎస్ మీద తీసుకెళ్ళాడు. కాలనీలో చిన్న ఇల్లు, ముందు వరండా. తలుపు తీసిన ఆవిడ సార్ భార్య వేదవతిగారు. "చెప్పడం మానేసి మూడేళ్ళయిందమ్మా, ఏమనుకోకు," అంటుండగానే లోపలి నుంచి గొంతు ఖంగుమంది.

"ఎవరూ? స్టూడెంటా? పంపించు!"

ఆవిడ వెనక్కి చూసింది. ఆ ముఖంలో సంతోషమో భయమో ఆరోజు నాకు తెలియలేదు.

సార్ నన్ను రాజ్యాంగ ప్రవేశిక చెప్పమన్నారు. గైడులో ఉన్నది ఉన్నట్టు ఇంగ్లిషులో గడగడా అప్పగించాను. "ఎవరికి చెప్తున్నావమ్మా, గోడకా?" అన్నారు. కిటికీలోంచి బయటికి చూశారు. బాపు వరండా మెట్టు మీద, చెప్పుల పక్కన కూర్చున్నాడు.

"ఆయనెవరు?"

"మా బాపు సార్."

"చదువుకున్నారా?"

"సంతకం వస్తది సార్."

"అయితే నీ పేపరు దిద్దేది ఆయనే."

ఆయన పద్ధతి అది. ప్రతి ఆదివారం మూడింటికి పాఠం. చివరి పది నిమిషాలు నేను వరండాలోకి వెళ్ళి ఆ పాఠాన్ని బాపుకు మా భాషలో చెప్పాలి. సార్ గుమ్మానికున్న తెర వెనక నిలబడి వింటారు. బాపుకు అర్థమైతే నాకు వచ్చినట్టు, లేకపోతే మళ్ళీ మొదటికి. ముప్పై ఏళ్ళూ తన స్టూడెంట్లను ఇలాగే కాలేజీ అటెండరు దగ్గరికీ, క్యాంటీను మనిషి దగ్గరికీ తరిమారట.

మొదటి పాఠం అంటరానితనాన్ని రద్దు చేసిన పదిహేడో ఆర్టికల్. అది మొదలుపెట్టే ముందు సార్ ఓ కుర్చీ తనే ఈడ్చుకెళ్ళి వరండాలో వేసి, బాపు లేచి అందులో కూర్చునేదాకా కదల్లేదు. ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

రెండు మూడు వారాలకు బాపు కూడా రాటుదేలాడు. అడ్డు ప్రశ్నలు వేసేవాడు.

"అందరు సమానమంటివి. ఎమ్మార్వో, నేను సమానమేనా?"

"కాయితం మీద సమానమే బాపు."

"మరి ఆఫీసుల?"

తెర వెనక సార్ పకపకా నవ్వేవారు. "రాయమ్మా, పరీక్షలో అదే రాయి!"

నా జీవితంలో చదువు అంత సుఖంగా ఎప్పుడూ లేదు. ఆ సుఖం రెండు నెలలు కూడా నిలవలేదు.

ఓ ఆదివారం, వస్తుసేవల పన్ను తెచ్చిన సవరణ గురించి అడిగితే, అలాంటి సవరణే లేదన్నారు సార్. నాకు చిరాకేసింది. మరో రెండు వారాలకు, పిల్లల చదువును హక్కు చేసిన ఆర్టికల్ కూడా లేదన్నారు. "ఉంది సార్, ఇదిగో," అని గైడు చూపించాను. పుస్తకం లాక్కుని గోడకేసి కొట్టారు. నాకూ కోపమొచ్చింది, ఇక రానని చెప్పేద్దామని వంటింట్లోకి వెళ్ళాను.

వేదవతిగారు స్టవ్ దగ్గర నిలబడి ఏడుస్తోంది.

"మతిమరుపు జబ్బమ్మా. కొత్తవి ముందు పోతున్నాయి. ఈ ఇంటికొచ్చి పదేళ్ళయింది, మన ఇంటికెప్పుడు వెళ్దామని అడుగుతున్నారు. రాజ్యాంగం కూడా చివర్నుంచి చెరిగిపోతోంది. నువ్వొచ్చే ఆ గంటే ఆయన మళ్ళీ ఆయనలా ఉంటారు. తప్పు చెప్పినా కాదనకు తల్లీ. కాదంటే రెండు రోజులు అన్నం ముట్టరు."

నా కోపం ఎటు పోయిందో తెలియదు. సరేనన్నాను. కొత్తవి గైడులో, పాతవి సార్ దగ్గర చదువుకుందామని లెక్క వేసుకున్నాను. ఆ లెక్క బాగానే సాగింది, సార్ జ్ఞాపకం పంతొమ్మిది వందల డెబ్భై ఎనిమిదికి వెనక్కి వెళ్ళేదాకా.

ఆ ఆదివారం సార్ ముఖం వెలిగిపోతోంది. "ఇవాళ ఆస్తి హక్కు. ముప్పై ఒకటో ఆర్టికల్. ప్రాథమిక హక్కు!"

డెబ్భై ఎనిమిదిలో చేసిన సవరణతో ఆస్తి హక్కును ప్రాథమిక హక్కుల్లోంచి తీసేశారు. ఇప్పుడది మామూలు చట్టపరమైన హక్కు. ఆ సంగతి గైడులో నల్లటి అక్షరాల్లో ఉంది. "సార్..." అని నోరు తెరిచాను. వంటింటి గుమ్మంలో వేదవతిగారు రెండు చేతులూ జోడించింది. నోరు మూసుకున్నాను.

పాఠం మాత్రం అద్భుతంగా చెప్పారు. మనిషి భూమిని ముట్టుకోవాలంటే రాజ్యం ఎన్ని గడపలు దాటాలో ఒక్కొక్కటీ చెప్పారు. తర్వాత, "వెళ్ళు, మీ నాన్నగారికి చెప్పు," అన్నారు.

చెప్పాను. సార్ చెప్పింది చెప్పినట్టు చెప్పాను. బాపు కుర్చీలో ముందుకు జరిగాడు.

"అంటే మన భూమి మన హక్కు? ఓటు తీరుగ, మాట తీరుగ?"

తెర కింద సార్ పాదాలు కనబడుతున్నాయి.

"అవ్ బాపు."

"నంబరు ఎంతంటివి?"

"ముప్పై ఒకటి."

వేళ్ళ కణుపుల మీద రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. ఆరోజు టీవీఎస్ మీద ఇబ్రహీంపట్నం దాకా చర్చి పాట పాడుతూనే ఉన్నాడు. కంచె వేసినప్పటి నుంచి ఆయన పాడగా నేను వినలేదు. ఆ పాట ఆపడానికి నాకు మనసు రాలేదు. రేపు చెబుదాం అనుకున్నాను. పాపిష్టిదాన్ని, అక్కడే చెప్పి ఉండాల్సింది.

మర్నాడు సాయంత్రం పని నుంచి వచ్చేసరికి అమ్మ ప్రేమమ్మ గుమ్మంలోనే ఎదురొచ్చింది. "పొద్దుగాల చర్చి అంగీ ఏసుకొని భూసేకరణ ఆఫీసుకు పోయిండు. వచ్చినకాడికెల్లి మాట్లాడ్తలేడు. నువ్వు అడుగు."

అడిగాను. మెల్లగా చెప్పాడు. ఆఫీసులో పదిమంది ముందు నిలబడి "ముప్పై ఒకటో ఆర్టికల్ ఉంది, నా భూమి నాకియ్యండి" అన్నాడట. అక్కడి ఉద్యోగి నవ్వాడట. "ఆ హక్కు నీ చిన్నప్పుడే తీసేసిన్రు పెద్దాయనా. ఇన్నేండ్లు ఎక్కడ పన్నవ్?" అన్నాడట. పక్కవాళ్ళూ నవ్వారట.

"నీకు ఎరుకేనా బిడ్డా?"

"ఎరుకే బాపు."

"ఎరుకుండి చెప్పినవా?"

అప్పుడు అంతా చెప్పేశాను. సార్ జబ్బు, తెర కింద పాదాలు, వేదవతిగారి చేతులు. చెబుతూ వెక్కి వెక్కి ఏడ్చాను.

"వాళ్ళు నవ్వితే ఓర్చుకున్న," అన్నాడు బాపు. "నువ్వు అబద్ధం చెప్పుడే ఓర్చుకుంటలేను."

వారమంతా నాతో మాట్లాడలేదు. ఇక నా ట్యూషన్ అయిపోయిందనుకున్నాను. ఆదివారం రెండున్నరకు బయట టీవీఎస్ చప్పుడైంది. వెళ్ళి ఎక్కి కూర్చున్నాను.

సార్ చేతులు రుద్దుకుంటూ ఎదురొచ్చారు. "ఇవాళ ఆస్తి హక్కు. ముప్పై ఒకటి!"

కిందటి వారం పాఠం ఆయనకు గుర్తులేదు. మళ్ళీ అదే వెలుగు, అవే మాటలు. చివరి పది నిమిషాలకు కాళ్ళు ఈడ్చుకుంటూ వరండాలోకి వెళ్ళాను. బాపు ముఖం చూడలేక, తువ్వాలు అంచు చూస్తూ మొత్తం చెప్పాను. బాపు మధ్యలో ఒక్క అడ్డు ప్రశ్న వేయలేదు. నేను ఆపాక, తెర అవతలికి వినబడేలా గొంతు కొంచెం పెంచాడు.

"అవ్ సార్. మంచిగ అర్థమైంది."

"విన్నావా వేదవతీ? అర్థమైందట!" లోపల సార్ గొంతు చిన్నపిల్లాడిలా ఉంది.

తిరిగొస్తుంటే వారం తర్వాత మొదటిసారి నాతో మాట్లాడాడు బాపు. "మనది రెండెకరాలే పోయింది బిడ్డా. ఆయనది మొత్తం పోతుంది."

పరీక్షలో ఆస్తి హక్కు మీదే పెద్ద ప్రశ్న వచ్చింది. మొదటి సగం సార్ చెప్పినట్టు రాశాను, రెండో సగం గైడులో ఉన్నట్టు రాశాను. పాసయ్యాను. స్వీట్లు పట్టుకుని తుర్కయాంజాల్ వెళితే, మంచం మీద ఉన్న సార్ నన్ను చూసి, "ఏ బ్యాచ్ అమ్మా నువ్వు?" అన్నారు. నోట్లో పెట్టిన ముక్క మాత్రం తిన్నారు.

ఆ వారమే బాపు నన్ను వకీలు దగ్గరికి తీసుకెళ్ళాడు. "నా బిడ్డ లా పాసైంది, ఫైలు చూపియ్యి," అన్నాడు ఛాతీ విరుచుకుని. ఫైలు ఇంటికి తెచ్చుకుని నేనొక్కదాన్నే చదివాను. మొదట ఓసారి, నమ్మలేక మరోసారి. భూమి తిరిగి ఇవ్వమని అందులో ఎక్కడా లేదు. పరిహారం పెంచమని మాత్రమే ఉంది. ప్రతి కాగితం కిందా బాపు సంతకం ఉంది. సర్కారుకు పెట్టనన్న సంతకం, ఇంగ్లిషులో ఉన్న కాగితాల మీద తన వకీలును నమ్మి పెట్టాడు. ఇప్పుడు ఆ భూమిలో షెడ్లు లేచాయి. కేసు గెలిచినా రెండెకరాల్లో ఒక్క గుంట కూడా రాదు.

మా ఇంటి ముందు కుర్చీ వేసి బాపును కూర్చోబెట్టాను. ఇక్కడ తెర లేదు, తెర వెనక సార్ లేరు. ఈసారి ఒక్క ముక్క దాచకూడదని ఒట్టు పెట్టుకున్నాను. వకీలు ఏం వేశాడో, కోర్టు ఏమివ్వగలదో, ఏమివ్వలేదో, సార్ నేర్పినట్టు, మా భాషలో, పది నిమిషాల్లో చెప్పాను.

"అర్థమైందా బాపు?"

ఆయన నా ముఖంలోకి చూశాడు. నా కళ్ళు అప్పటికే నిండిపోయాయి. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని, గొంతు కొంచెం పెంచాడు.

"అవ్ బిడ్డా. మంచిగ అర్థమైంది."