మిస్ వింటర్ ఉత్తరం

2009 జులైలో స్వలింగ సంబంధం నేరం కాదని ఢిల్లీ హైకోర్టు చెప్పింది. పది రోజులకు ఆ తీర్పు రాంగోపాల్‌పేట్‌లోని ఒక మిషన్ బాలికల హైస్కూలుకు చేరింది. తొమ్మిదో తరగతి సోషల్ టీచర్ మేబెల్ పిల్లలకు నాలుగు పేజీల జిరాక్సు పంచింది.

అందులో ఉన్నది ఆ బడి చరిత్ర. మిస్ వింటర్, మిస్ ఎడిత్ డాడ్ అనే ఇద్దరు దొరసానులు 1891లో బడి పెట్టారు. ముప్పై నాలుగేళ్లు ఒకే ఇంట్లో ఉన్నారు. ఇప్పుడు ఒకే సమాధిలో ఉన్నారు. ఒకరినొకరు ప్రేమించి ఇలా బతికిన ఆడవాళ్లు అన్ని కాలాల్లోనూ ఉన్నారని, చరిత్ర పుస్తకాలు వారి గురించి రాయలేదని చివరి పేజీలో ఉంది. ఎందుకు రాయలేదన్నది ప్రశ్న. రెండు మార్కులు.

బోయిగూడలో ఉండే సదాశివ కూతురు ఆ ప్రశ్న ఇంటికి తీసుకెళ్లింది. సదాశివ ఫిర్యాదు పట్టుకుని బడికి వచ్చాడు. మేబెల్ ప్రొబేషన్ ఆ నెలాఖరుకు ముగుస్తుంది. ఉంచాలో పంపాలో శనివారం బడి కమిటీ తేల్చాలి. ఆ మీటింగుకు సదాశివనూ పిలిచారు.

శనివారం మీటింగులో ప్రార్థన అయ్యాక సదాశివ లేచాడు.

"అశోకుడు చెట్లు నాటిండని మేం సుత చదివినం సార్. గిదేందీ? పిల్ల వచ్చి ఎందుకు రాయలే నాన్నా అంటది. ఏం చెప్పాలె?"

"తెలీదని చెప్పొచ్చు కదండీ," అంది మేబెల్.

"చెప్తే ఇంట్ల నా ఇజ్జత్ ఉంటదా మేడమ్?"

కరస్పాండెంట్ ఆర్థర్ రైల్వేలో రిటైరయ్యాడు. కాగితం లేనిదే ఏదీ నమ్మడు.

"ఆ తల్లులు అక్కచెల్లెళ్లలాంటివారమ్మా. రుజువుంది," అని హెడ్మిస్ట్రెస్ కాంతమణి చేత గోడ మీది అద్దాల ఫ్రేము తెప్పించాడు. మిస్ వింటర్ ఉత్తరం అది. వ్యవస్థాపకుల దినం నాడు ఏటా దానికి దండ వేస్తారు. గొలుసుకట్టు ఇంగ్లీషు కాబట్టి చదవకుండా దండ వేసి వచ్చేస్తారు.

"మీరు చదివారా సార్?" అంది మేబెల్.

"చదవడమేంటమ్మా, ఇరవయ్యేళ్లుగా దండ వేస్తున్నా."

ఆర్థర్ భూతద్దం పెట్టి, చర్చిలో వాక్యం చదివినట్టు తెలుగు చేసుకుంటూ చదివాడు.

"ప్రియమైన ఎడిత్, నువ్వు ఊటీ వెళ్లి పదకొండు రోజులు. మంచంలో నీ వైపు ఖాళీగా ఉంది. నన్ను పెళ్లి చేసుకోమని మిషన్ బోర్డు మళ్లీ రాసింది. నాకు ఎప్పుడో అయిందని వాళ్లకెలా రాయను?"

ఆర్థర్ కళ్లజోడు తుడుచుకున్నాడు. "చూశారా. ప్రభువుతో పెళ్లి."



"మా ఇంటామె నాకు గిట్ల ఒక్క ఉత్తరం రాయలే," అన్నాడు సదాశివ.

తీర్మానం కాంతమణి రాసింది. నాలుగు పేజీలు అసభ్యం, వెనక్కి తీసుకోవాలి. వాటి బదులు పవిత్ర స్నేహానికి ఉదాహరణగా ఈ ఉత్తరం ఆరో తరగతి నుంచి అందరికీ చెప్పాలి. ఇదే చెబుతానని సంతకం పెడితే మేబెల్ ఉద్యోగం పర్మనెంటు.

"ఉత్తరం మొత్తం చెప్పాలా సార్?"

"ఒక్క ముక్క వదిలినా ఊరుకోను," అన్నాడు ఆర్థర్.

మేబెల్ సంతకం పెట్టింది.

సోమవారం తొమ్మిదో తరగతిలో ఉత్తరం మొత్తం చదివింది. సదాశివ కూతురు లేచి నిలబడింది.

"మరి వీళ్ల గురించి పుస్తకంలో ఎందుకు రాయలే మేడమ్?"

"ఆ ప్రశ్న సిలబస్‌లోంచి తీసేశారు," అంది మేబెల్. "మీ నాన్నగారిని అడుగు. తీసేసిన మీటింగులో ఆయనా ఉన్నారు."